మహారాజు చెప్పినా తెరవని తలుపు

శిలాగిరి అని ఒక రాజ్యం ఉండేది. అది ఏ దిక్కున ఉండేదో నన్నడక్కండి, నాకు ఈ కథ చెప్పినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. దాన్ని ఏలిన రాజు పేరు ఉదగ్రసేనుడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తాను మంచివాడినన్న సంగతి లోకమంతా రోజూ తనకు గుర్తుచేస్తూ ఉండాలని కోరుకునేవాడు. ఈ జబ్బు ఉన్నవాళ్లతో వేగడం చెడ్డవాళ్లతో వేగడం కన్నా కష్టం.

పట్టాభిషేకం నాడే ఆయన ఒక వ్రతం పట్టాడు. తన ఆజ్ఞ మీద ఏ ప్రాణి నెత్తురూ నేల మీద చుక్క కూడా పడకూడదని. అప్పటినుంచి కొలువులో వందిమాగధులు ఆయన్ని 'కరుణాసముద్రుడు' అని పొగడటం మొదలుపెట్టారు. ఆ మాట వినపడని పూట ఆయనకు అన్నం సహించేది కాదంటారు.

రాజుగారికి ఇంకొక అలవాటు ఉండేది. తాను నోరు విప్పితే అది రాతిమీద గీత కావాలని ఆయన పంతం. అందుకని ప్రతి ఆజ్ఞ చివరా ఒక మాట చేర్పించేవాడు: "దీన్ని మేమే స్వయంగా వచ్చి చెప్పినా మార్చరాదు."

ఈ మాట ఎంత పని చేసిందంటే, ఒకసారి వసంతోత్సవం ముగిసేదాకా తనకు ఎవరూ గొడుగు పట్టరాదని ఆజ్ఞ ఇచ్చాడు. ఊరేగింపు మధ్యలో వడగళ్ల వాన కురిసింది. కిరీటం మీద రాళ్లు టపటపా పడుతుంటే రాజుగారే గొడుగు తెమ్మని కేకలు పెట్టాడు. పాపం గొడుగు పట్టేవాడు పరుగెత్తుకొచ్చి పట్టాడు. మర్నాడు ఆ గొడుగువాణ్ని రాజ్యం పొలిమేర దాటించారు. ఆజ్ఞ తప్పినందుకు. ఆ రోజు నుంచి శిలాగిరిలో రాజుగారి నోటిమాట కన్నా ఆయన ఆజ్ఞకే జనం ఎక్కువ భయపడేవారు.

ఆ ఆజ్ఞలను రద్దు చేయగలిగింది ఒక్కటే ఉండేది. అది రాజుగారి తాత పెట్టిన ఆచారం. ఎవరైనా వచ్చి ఫిర్యాదు చేస్తే దానిమీద ఇచ్చిన ఆజ్ఞ, ఆ ఫిర్యాదు చేసినవాళ్లు తమ నోటితో దాన్ని వెనక్కి తీసుకుంటే ఇక చెల్లదు. కొలువుదాకా వచ్చి చెప్పుకున్న గోడు ఎవరు వెనక్కి తీసుకుంటారు? అందుకని ఆ ఆచారం ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. మరిచిపోనివాడు ఒకడున్నాడు. అతని పేరు మాచన.

మాచన మంత్రి కాదు, పండితుడు కాదు. రాజుగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పి, ఆయన్ని నవ్వించడం అతని కొలువు. అందరూ భేష్ భేష్ అంటున్నప్పుడు అతను మాత్రం చిన్న ప్రశ్న ఒకటి అడిగేవాడు. దాంతో భేష్ అన్నవాళ్లకు తిన్నది అరిగేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఉదగ్రసేనుడు కొండమీద పెద్ద కోట కట్టించాడు. కింద గుంట తవ్వి రాయి తీసి, గాడిదల మీద వేసి పైకి చేరవేసేవాళ్లు. ఊరూరా కుమ్మరుల దగ్గరా చాకళ్ల దగ్గరా ఉప్పు అమ్ముకునేవాళ్ల దగ్గరా ఉన్న గాడిదలన్నీ రాజుగారి పని పేరు చెప్పి తోలుకొచ్చారు. శంకుస్థాపన నాడు మొదటి రాయి మోసిన ఆడగాడిదకు వీపంతా పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. రాజుగారే ముందుకొచ్చి దాని నుదురు తాకి కళ్లకద్దుకున్నాడు. కూలీలు దానికి పసుపమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఏళ్లు పట్టింది కోట పూర్తవడానికి. పూర్తయ్యాక ఆ గాడిదలను ఎవరివి వాళ్లకు చేర్చాలి. అదంతా ఎవరు చూస్తారు? రాజుగారికి చక్కటి ఆలోచన వచ్చింది. మేళతాళాలతో గాడిదలన్నింటినీ కొండకింద నిలబెట్టి, తాళ్లు విప్పించి, "మా సేవ చేసిన ఈ మూగజీవులకు స్వేచ్ఛ ప్రసాదిస్తున్నాం" అన్నాడు. కవులు పద్యాలు చదివారు. గాడిదలు కాసేపు అక్కడే నిలబడ్డాయి, ఎటు పోవాలో తెలియక. తర్వాత ఆకలేసి మేత వెతుక్కుంటూ పోయాయి.

గాడిదకు స్వేచ్ఛ ఇచ్చాం గానీ మేత ఎవరిస్తారని ఆ రోజు మాచన అడిగాడట. రాజుగారు వినిపించుకోలేదు.

ఇక చూడండి. అవి ఈనాయి, వాటి పిల్లలు పెరిగి మళ్లీ ఈనాయి. ఆ పిల్లలకు మనిషి చెయ్యి అలవాటు లేదు, దగ్గరికి పోతే కాలు ఝాడించేవి. మందలు మందలుగా తోటల మీద పడేవి. కొన్నింటికి వీపున పుళ్లు, కొన్నింటికి ఒళ్లంతా గజ్జి. జనం కర్రలతో కొట్టేవాళ్లు, రాళ్లు రువ్వేవాళ్లు. అటు జనానికి సుఖం లేదు, ఇటు గాడిదలకు సుఖం లేదు.

ఏటి ఒడ్డున పోలమ్మ అని ఒకావిడ కూరగాయల తోట చేసుకునేది. వంగ, బెండ, తోటకూర వేసి, తెల్లారగానే గంపకెత్తి అంగడికి తెచ్చేది. ఆ ఏడు ఆమె తోటను గాడిదలు ఒకసారి మేశాయి. మళ్లీ విత్తింది. మళ్లీ మేశాయి. ఇక ఓర్చుకోలేక కొలువుకొచ్చి రాజుగారి ముందు కొంగు పరిచింది.

"ఏలినవారు మా గోడు వినాలి. ఆ తోట మీదే మా ఇంట పొయ్యి వెలుగుతుంది. గాడిదలు వేరుతో సహా పీకేశాయి. కొట్టి కొట్టి నా చేతులు పడిపోయినాయి. వాటిని తమరు వదిలారు, తమరే దారి చూడాలి."

ఆమె మాటలోని విసురు రాజుగారికి కొంచెం తగిలింది. దానికితోడు ముందురోజే ఆయన మీద కవి ఒకడు పద్యం చదువుతుంటే కోట కింద గాడిద ఓండ్ర పెట్టింది. పద్యం ఎక్కడ ఆగిందో, గాడిద ఎక్కడ అందుకుందో సభలో ఎవరికీ తెలియలేదు. అది కూడా ఆయన మనసులో ఉంది.

సేనాపతి లేచి, బాణాలతో ఒక్క రోజులో పని ముగిస్తానన్నాడు. రాజుగారు చెయ్యెత్తి ఆపాడు.

"మా రాజ్యంలో నెత్తురా? మా వ్రతం ఏం కావాలి? కోటకు రాయి తీసిన గుంట ఉంది కదా. చుట్టూ నిలువెత్తు రాతిగోడ. ఒక్కటే దారి. ఆ దారికి తలుపు పెట్టించండి. గాడిదలన్నింటినీ అందులోకి తోలండి. చివరి గాడిద లోపలికి వెళ్లగానే తలుపు మూయండి. లోపలున్న ప్రాణి ఏదీ బయటికి రాకూడదు. ఆ చోటికి 'కారుణ్యవనం' అని పేరు పెడుతున్నాం."

సభ అంతా భేష్ అంది. మాచన లేచాడు.

"ప్రభూ, వనం అన్నారు. అక్కడ గడ్డి పరక లేదు. నీళ్లు?"

"పైన ఆకాశం ఉంది. వాన పడుతుంది."

"ఇది ఎండాకాలం ప్రభూ."

రాజుగారికి చిరాకేసింది. "మాచనా, మేము వాటిని ఏమీ చేయడం లేదు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. తలుపు మాత్రం మూస్తున్నాం. బతికితే వాటి అదృష్టం, పోతే వాటి కర్మ. ఆజ్ఞ వెలువడింది. దీన్ని మేమే స్వయంగా వచ్చి చెప్పినా మార్చరాదు."

మాచన కూర్చున్నాడు. నవ్వించేవాడి ముఖం ఆ రోజు నల్లబడిపోయింది.

కొలువు ముగిశాక అతను బయటికి వస్తే మెట్ల దగ్గర పోలమ్మ కూర్చుని ఉంది. గెలిచినదానిలా లేదు.

"అయ్యా, నేను తోటలోంచి తరిమించమన్నాను గానీ ఇట్లా ఎండబెట్టమన్నానా? చంపితే ఒక్క దెబ్బకు చంపాలి. నీళ్లు లేకుండా నిలబెట్టి, అవి అరుస్తుంటే వింటూ కూర్చోవడమేంటి? ఆ గుంట నా తోటకు ఎంతో దూరం లేదు. ఆ అరుపులన్నీ నాకే వినిపిస్తాయి."

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా మరి?" అన్నాడు మాచన.

పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తీసుకుంటే తోట పోతుంది. తీసుకోకపోతే వాటి ఉసురు నాకు తగులుతుంది. ఏం చేయమంటావు?"

మాచన ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. గాడిదలను బతికించి తోటను చంపమని ఆమెకు చెప్పే హక్కు తనకెక్కడిది? చివరికి అన్నాడు: "గాడిదలను తోలే రోజున పొద్దు వాలాక గుంట తలుపు దగ్గరికి రా. ఒక కుండ నీళ్లు తెచ్చుకో. అక్కడ నిన్ను ఎవరు ఏం అడిగినా, ఎంత పెద్దవాళ్లు అడిగినా, నీ తోట సంగతి తేలేదాకా ఒప్పుకోకు."

మర్నాడు మాచన నవ్వుముఖంతో రాజుగారి దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, నిన్న నాకు బుద్ధి తక్కువై అడ్డు మాట్లాడాను. ఇల్లు లేనివాడికి ఇల్లు ఇస్తే పుణ్యం. ఇన్ని మూగజీవులకు తమరు ఇల్లు ఇస్తున్నారు. మరి గృహప్రవేశం చేయించవద్దా?"

"గాడిదలకు గృహప్రవేశమా?"

"ఇచ్చిన దాత స్వయంగా లోపలికి తీసుకెళ్లకపోతే అది దానం ఎట్లా అవుతుంది? ఒక్క గాడిదనైనా తమరి చేత్తో తాడు పట్టి లోపలికి నడిపించాలి. ఇలాంటిది ఏ రాజూ చేసి ఉండడు. కవులకు పండగ."

కవులు అనేసరికి రాజుగారి కళ్లు మెరిశాయి. ఒప్పుకున్నాడు.

ఆ రోజు వచ్చింది. భటులు డప్పులు కొడుతూ, కాగడాలతో బెదరగొడుతూ గాడిదలను గుంటలోకి తోలారు. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ రాళ్ల మీదుగా దొర్లాయి. ఒక పడుచు గాడిద మెరకమీద నుంచి జారి ముందరికాలు విరగ్గొట్టుకుంది. అది అరుస్తుంటే ఎవరూ అటు చూడలేదు.

అన్నీ లోపలికి వెళ్లాక మాచన ఒక ముసలి ఆడగాడిదను తీసుకొచ్చాడు. వెనక కాలు కుంటుతోంది. కళ్లచుట్టూ బొచ్చు తెల్లబడింది. తాడు రాజుగారి చేతికిచ్చాడు. పట్టుబట్టలు కట్టుకుని, మెడలో హారాలు వేసుకుని, కవులు పాడుతుంటే ఉదగ్రసేనుడు దాన్ని నడిపించుకుంటూ లోపలికి వెళ్లాడు. వెనకాలే గరిక పళ్లెం పట్టుకుని మాచన వెళ్లాడు.

తలుపు దగ్గర కావలి ఓబన్న అనేవాడు. ముసలి గాడిద తోక గడప దాటింది. ఓబన్న ఆజ్ఞ గుర్తు చేసుకున్నాడు. చివరి గాడిద లోపలికి వెళ్లగానే అన్నారు. వెళ్లింది. తలుపు మూసి గడియ వేశాడు.

రాజుగారు గాడిద నోట్లో గరిక పెట్టి, నాలుగు మాటలు మాట్లాడి, వెనక్కి తిరిగాడు. తలుపు మూసి ఉంది.

"ఎవడ్రా అక్కడ? తలుపు తీయి."

పలకల సందులోంచి ఓబన్న కన్ను కనిపించింది. "ప్రభూ, క్షమించాలి. లోపలున్న ప్రాణి ఏదీ బయటికి రాకూడదని తమరి ఆజ్ఞ."

"నేను రాజునురా!"

"తమరే స్వయంగా వచ్చి చెప్పినా మార్చరాదని కూడా తమరి ఆజ్ఞే ప్రభూ. గొడుగు పట్టినవాడు మా మేనమామ." ఆ కన్ను సందులోంచి తప్పుకుంది.

రాజుగారు సేనాపతిని పిలిచాడు. సేనాపతి కిమ్మనలేదు. మంత్రిని పిలిచాడు. మంత్రి నీళ్లు నమిలాడు. ఎవరు తలుపు మీద చెయ్యి వేసినా రేపు పొలిమేర దాటేది వాళ్లే కదా. ఒక్కొక్కరే నీడ వెతుక్కుంటూ దూరంగా జరిగారు. కవులు అందరికన్నా ముందే వెళ్లిపోయారు.

"మాచనా, ఇదంతా నీ పని."

"తలుపు చేసింది వడ్రంగి ప్రభూ. మూసింది ఓబన్న. ఆజ్ఞ తమరిది. నేను ఒక్క గాడిదను ఆలస్యంగా తెచ్చాను, అంతే."

"నన్ను చంపాలని చూస్తున్నావా?"

"అపచారం. తమరిని ఎవరూ ఏమీ చేయడం లేదు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. తలుపు మాత్రం మూసి ఉంది. పైన ఆకాశం ఉంది, వాన పడుతుంది."

తన మాటలు తనకే అంత చేదుగా ఉంటాయని రాజుగారు అనుకోలేదు. చెయ్యెత్తబోయి ఆగాడు. చేసేదేం లేక ఒక రాతి మీద కూర్చున్నాడు.

ఎండ ఎక్కింది. చుట్టూ రాతిగోడలు పెనంలా కాలాయి. రాజుగారు హారాలు తీసి పక్కన పెట్టాడు, కిరీటం తీశాడు, పైబట్ట నెత్తిన కప్పుకున్నాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. గాడిదలు గోడవారన పట్టెడు నీడ కోసం ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. పిల్లలు తల్లుల పొదుగులు కుడుస్తున్నాయి, పాలు రావడం లేదు. కాలు విరిగిన గాడిద ఉండి ఉండి అరుస్తోంది. కోటలో విన్నప్పుడు అది పద్యాన్ని పాడుచేసిన చప్పుడు. ఇక్కడ వింటుంటే అది ఏడుపని రాజుగారికి తెలిసింది.

"ఆ అరుపు ఆపించలేవా?" అన్నాడు.

"ఆపించే దారి ఒకటే ఉంది ప్రభూ. తమరు దాన్ని ఒప్పుకోరు," అన్నాడు మాచన.

మధ్యాహ్నం దాటాక ముసలి గాడిద కుంటుకుంటూ గుంటలో అన్నింటికన్నా లోతైన మూలకు పోయింది. అక్కడ పాత వానలకు కొట్టుకొచ్చిన ఇసుక మేటవేసి ఉంది. కాసేపు మూతి ఆనించి వాసన చూసింది. తర్వాత ముందరికాలి డెక్కతో గీరడం మొదలుపెట్టింది. గీరుతూ, ఆయాసపడి ఆగుతూ, మళ్లీ గీరుతూ ఉంది. ఇసుక రంగు మారింది. తడి కనిపించింది. అడుగున మెల్లగా నీరు ఊరింది. అది తలవంచి తాగి, పక్కకు జరిగింది.

రాజుగారు లేచి అక్కడికి వెళ్లాడు. పట్టుబట్టలతో ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, దోసిలితో ఆ బురదనీళ్లు తాగాడు. ముసలి గాడిద ఆయన భుజం పక్కనే నిలబడి ఉంది. దాని వీపు మీద బొచ్చు ఊడిన చోట, రాళ్లు మోసి మోసి కాయలు కాసిన మచ్చలు కనిపించాయి.

"దీన్ని నేనెక్కడో చూశాను మాచనా."

"చూశారు ప్రభూ. దీని నుదురు తాకి కళ్లకద్దుకున్నారు. కోటకు మొదటి రాయి మోసింది ఇదే. పసుపమ్మ."

రాజుగారు ఆ మచ్చలను వేళ్లతో తడిమాడు. తర్వాత అన్నాడు: "ఇది ఇవాళ మాకు నీళ్లిచ్చింది. దీన్ని చావనివ్వం. మా గుర్రాల సాలలో పెట్టి బతికినన్నాళ్లూ మేపుతాం."

"మంచి మాట ప్రభూ. మరి అది?"

మాచన చూపించిన వైపు ఒక గజ్జిపట్టిన మగగాడిద గోడకు మొహంపెట్టి నిలబడి ఉంది.

"అదేం చేసింది?"

"ఏమీ చేయలేదు. రాయి మోయలేదు, నీళ్లు తవ్వలేదు. పోలమ్మ తోట మేసింది కూడా. దాని దాహం మాత్రం తమరి దాహం లాంటిదే."

ఉదగ్రసేనుడు ఊట మీదికి వంగాడు. దోసిలి పట్టి మళ్లీ నీళ్లు తీసుకున్నాడు. ఈసారి తాగలేదు. కాలు విరిగిన గాడిద దగ్గరికి మెల్లగా నడిచి వెళ్లాడు. దారిలో సగం కారిపోయాయి. మిగిలిన చుక్కలతో దాని పెదవులు తడిపాడు. విరిగిన ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. ఈగలు ముసురుతున్నాయి.

"ఇది బతుకుతుందా?"

"బతకదు ప్రభూ. కానీ పోవడానికి చాలా రోజులు పడుతుంది."

"పశువుల వైద్యుడు ఉంటే?"

"కత్తి పట్టడం తెలిసినవాడు. ఒక్క క్షణంలో బాధ తప్పిస్తాడు. కానీ నేల మీద నెత్తురు పడుతుంది. తమరి వ్రతం ఉంది కదా."

రాజుగారు ఆ గాడిద మెడ మీద చెయ్యి వేసి ఉంచాడు. ఈగలను తోలుతూ చాలాసేపటికి అన్నాడు: "ఆ వ్రతం వీటి కోసం పట్టింది కాదు మాచనా. నా కోసం పట్టింది."

మాచన తల వంచుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ రాజును నవ్విస్తూ వచ్చాడు. ఆయన మీద గౌరవం కలగడం అదే మొదటిసారి.

పొద్దు వాలింది. తలుపు అవతల పోలమ్మ గొంతు వినిపించింది. "మాచనయ్యా, నీళ్లు తెచ్చాను. లోపల ఎవరున్నారు?"

"నేనున్నాను పోలమ్మా," అన్నాడు రాజు.

"ఏలినవారా?"

మాచన రాజుగారికి తాతగారి ఆచారం గుర్తుచేశాడు. రాజు తలుపు పలకలకు మొహం ఆనించి అడిగాడు: "నీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా అమ్మా? నువ్వు ఆ మాట అంటేనే ఈ తలుపు తెరుచుకుంటుంది."

"తీసుకుంటే గాడిదలు కూడా బయటికి వస్తాయి కదా?"

"వస్తాయి."

"మరి నా తోట?"

"అడిగినంత బంగారం ఇస్తాం."

"బంగారం ఒకసారి తిని అయిపోతుంది. గాడిదలు ఏటేటా ఈనుతాయి."

రాజు మాచన వైపు చూశాడు. మాచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్నడక్కండి ప్రభూ. తోట ఆమెది."

ఇంతకుముందు ఆయన ఆజ్ఞలిచ్చాడు గానీ దేనిగురించీ ఆలోచించింది లేదు. ఆ తలుపు పక్కన నిలబడి మొదటిసారి ఆలోచించాడు. ఏటి అవతల రాజుగారి వేట బీడు ఉంది, వ్రతం పట్టాక దానితో పని లేదు. గాడిదలకు అది ఇస్తానన్నాడు.

"ఏరు ఎండితే దాటి వస్తాయి," అంది పోలమ్మ.

"ముళ్లకంచె వేయిస్తాం. నీ తోటకూ, ఒడ్డున ఉన్న తోటలన్నింటికీ కూడా."

"సరే. మంద పెరుగుతూ పోతే ఆ బీడు ఎన్నాళ్లు చాలుతుంది?"

రాజు తడుముకున్నాడు. ఎద్దులకు చేసినట్టే మగవాటికి విత్తులు కొట్టిస్తే మంద పెరగదని ఆయనకే తోచింది. సాధువుగా ఉన్నవాటిని, ఏ ఊళ్ల నుంచి తెచ్చారో ఆ ఊళ్లకే ఇవ్వాలన్నాడు. ముసలివైనా వదిలిపెట్టబోమని మాట ఇచ్చినవాళ్లకే ఇస్తామన్నాడు.

"మాట తప్పి వదిలేస్తే?"

"వదిలేసినవాడు నా దగ్గరికొచ్చి ఎందుకు వదిలేశాడో చెప్పాలి. నేనూ ఒకప్పుడు వదిలేసినవాణ్నే. వింటాను, కానీ ఊరుకోను."

పోలమ్మ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది. "ఆ అరిచే గాడిద సంగతి?"

"వైద్యుణ్ని పిలిపించమ్మా," అన్నాడు రాజు. "దాన్ని ఇక ఆగమనలేం."

"అయితే నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను," అంది పోలమ్మ.

ఓబన్న చుట్టూ చూశాడు. ఆచారం సరిగ్గానే ఉంది. గడియ తీశాడు.

రాజు వెంటనే బయటికి రాలేదు. పోలమ్మ చేతిలోని కుండ అందుకుని వెనక్కి లోపలికి వెళ్లాడు. వైద్యుడు వచ్చేదాకా కాలు విరిగిన గాడిద పక్కనే కూర్చుని, దాని నోట్లో కొంచెం కొంచెంగా నీళ్లు పోశాడు. పని జరిగేటప్పుడు దాని తలను ఒళ్లో పట్టుకున్నాడు, కళ్లు మూసుకోలేదు. అరుపు ఆగింది. నేల మీద నెత్తురు పడింది, ఆయన పట్టుబట్టల మీద కూడా పడింది. దూరంగా ఒక వంది అలవాటు కొద్దీ 'కరుణాసముద్రా' అని ఎత్తుకున్నాడు. రాజుగారు తల తిప్పి, "ఆ పేరు ఇంకెప్పుడూ అనకు" అన్నాడు.

కొన్ని వారాలకు కంచెలు లేచాయి. పోలమ్మ తోటలో వంగ మళ్లీ పూత పట్టింది. గాడిదలన్నీ సుఖపడ్డాయని చెప్పను. తోలేటప్పుడు దెబ్బలు తగిలినవి కొన్ని పోయాయి. గజ్జిపట్టిన మగగాడిదకు వేపనూనె పూసి చూశారు, అదీ నిలవలేదు. కానీ ఏదీ ఒంటరిగా, దాహంతో పోలేదు. ప్రతిదాని దగ్గరా ఎవరో ఒకరు కూర్చున్నారు.

ఒకరోజు నిండు కొలువులో రాజు మాచనను పిలిచాడు.

"మమ్మల్ని గుంటలో పెట్టి తలుపు మూయించావు. దీనికి నిన్ను రాజ్యం దాటించాలి కదా?"

"తప్పకుండా దాటించాలి ప్రభూ. కాకపోతే ఆజ్ఞ చివర ఆ ఒక్క మాట లేకుండా ఇవ్వండి. మధ్యాహ్నానికి తమరు మనసు మార్చుకుంటే భోజనం వేళకు నేను తిరిగి రావాలి."

రాజు నవ్వాడు. గుంటలోంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. సభ కూడా భయం భయంగా నవ్వింది.

"దాటించం. బహుమానం ఇస్తాం. ఏం కావాలో అడుగు. ముందుగా చెబుతున్నాను, గొడుగువాడి కోసం మనిషిని ఇప్పటికే పంపాను."

మాచన చేతులు జోడించాడు. "అయితే నాకు ఒక్కటే కావాలి. తమరి ఆజ్ఞల చివరి మాటను తీసేసి, దాని చోట నేను చెప్పిన మాట పెట్టాలి."

"ఏమిటది?"

"'దీన్ని మేము అక్కడికి స్వయంగా వెళ్లి చూసేదాకా అమలు చేయరాదు.'"

రాజు కాసేపు అతనివైపే చూశాడు. తర్వాత నవ్వాడు. ఈసారి గట్టిగా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వుతూనే తన వేలి ఉంగరం తీసి మాచన చేతిలో పెట్టి, ఆ మాట అట్లాగే ఉండాలని చెప్పాడు.

శిలాగిరిలో ఆ తర్వాత చాలా ఆజ్ఞలు అమలు కానేలేదు. రాజుగారు వెళ్లి చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి వచ్చేవారు. దారిలో ఏటి అవతల బీడు దగ్గర కాసేపు ఆగేవారు. గుర్రాల సాలలో ఇమడక మంద దగ్గరికే చేరిన పసుపమ్మ బతికి ఉన్నన్నాళ్లూ కంచె దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, ఆయన చేతిలో గరిక ఉందేమో చూసేది.